ఫ్యాటీ లివర్‌కు గంజాయి నూనె మందవుతుందా?

కడుపునొప్పి అనో గ్యాస్ అనో స్కానింగ్‌కు వెళితే, రిపోర్టు చివర్లో ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని రాసి ఉండటం ఇప్పుడు కర్నూలులోనైనా, అనంతపురంలోనైనా, కడపలోనైనా కొత్త సంగతి కాదు. దేశంలో జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసి 2022లో వెలువడిన ఒక విశ్లేషణ, పెద్దవాళ్ళలో 38.6 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉందని తేల్చింది. వీళ్ళలో చుక్క మందు ముట్టనివాళ్ళు కోకొల్లలు. 2023లో ఐసీఎంఆర్ బయటపెట్టిన సర్వే ప్రకారం దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్ల మంది. ఈ రెండు జబ్బులూ చాలామందిలో కలిసే ఉంటాయి. పొట్ట చుట్టూ కొవ్వు, ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం, రెండింటికీ మూలం ఒకటే.

డాక్టరు ‘బరువు తగ్గండి, రోజూ నడవండి’ అని చెప్పి పంపిస్తారు. చీటీలో మందులు పెద్దగా ఉండవు. అదే చాలామందికి వెలితిగా అనిపిస్తుంది. ఇంటికొచ్చి ఫోన్‌లో వెతికితే మందులకు కొదవ లేదు. ఈ మధ్య ఆ వరుసలోకి గంజాయి మొక్క నుంచి తీసిన సీబీడీ నూనె చేరింది. గంజాయి తాగేవాళ్ళకు ఫ్యాటీ లివర్ తక్కువగా వస్తుందట, ఇన్సులిన్ కూడా అదుపులో ఉంటుందట అని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. ఇవి పూర్తిగా అబద్ధాలైతే కొట్టిపారేయవచ్చు. కానీ వీటి వెనక నిజమైన పరిశోధనలున్నాయి. ఆ పరిశోధనల్లో సగం మాటే మెసేజ్‌లోకి వస్తోంది, చిక్కంతా అక్కడే.

ముందుగా తెలుసుకోవాల్సింది, గంజాయి అంటే ఒకే పదార్థం కాదు. ఆ మొక్కలో కానబినాయిడ్లు అనే రసాయనాలు వందకు పైగా ఉన్నాయి. మత్తు ఎక్కించేది టీహెచ్‌సీ. ఇజ్రాయెల్‌లో రాఫెల్ మెషూలమ్, యెహియెల్ గావొని దాన్ని 1964లో శుద్ధంగా వేరుచేశారు. మత్తు ఇవ్వనిది సీబీడీ. ఇవి కాక సీబీజీ, టీహెచ్‌సీవీ లాంటివి తక్కువ మోతాదులో ఉంటాయి. వీటిలో ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు, కొన్నిసార్లు సరిగ్గా దానికి ఎదురు పని చేస్తుంది. కాబట్టి ‘గంజాయి లివర్‌కు మంచిదా చెడ్డదా’ అన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో జవాబు దొరకదు.

ఈ పదార్థాలకు కాలేయంతో సంబంధం ఏమిటంటే, వీటిని పోలిన రసాయనాలను మన ఒళ్ళే తయారుచేసుకుంటుంది. 1992లో మొదట దొరికినది ఆనందమైడ్. అవి వెళ్ళి అతుక్కునే చోట్లను రిసెప్టర్లు అంటారు. వాటిలో ముఖ్యమైనవి సీబీ1, సీబీ2. సీబీ1 మెదడులో చాలా ఎక్కువ, కాలేయంలో మామూలుగా తక్కువే. కొవ్వు తిండి ఎక్కువైనప్పుడు, లావెక్కినప్పుడు కాలేయంలో దాని జోరు పెరుగుతుంది. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల శాస్త్రవేత్తలు 2005లో ఎలుకల మీద దీన్ని చూపించారు. కాలేయంలో సీబీ1 స్విచ్ పడితే అక్కడ కొవ్వు తయారీ పెరుగుతుంది. అసలు సీబీ1 లేకుండా పుట్టించిన ఎలుకలకు ఎంత కొవ్వు మేత పెట్టినా కాలేయంలో కొవ్వు చేరలేదు. 2008లో ఇంకో అడుగు వేసి, కాలేయంలో మాత్రమే సీబీ1 లేని ఎలుకలను పుట్టించారు. అవి మిగతా ఎలుకల్లాగే లావెక్కాయి, అయినా కాలేయంలో కొవ్వు, ఇన్సులిన్ మొండితనం (అంటే ఇన్సులిన్ ఉన్నా సరిగ్గా పనిచేయకపోవడం) మాత్రం తగ్గాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి చూడాలి. కాలేయానికి మేలు చేసేది ఆ స్విచ్‌ను ఆపడం. టీహెచ్‌సీ చేసేది దాన్ని వేయడం. అంటే ఈ పరిశోధనను చూపించి గంజాయి తాగడాన్ని సమర్థించడం కుదరదు. టీహెచ్‌సీ ఆకలి పెంచుతుందన్నది కూడా తెలిసిన విషయమే. దాన్నే ప్రయోగశాలలో తయారుచేసి డ్రోనాబినాల్ పేరుతో అమెరికాలో 1985 నుంచి కీమోథెరపీ వాంతులకు, 1992 నుంచి ఎయిడ్స్ రోగుల్లో ఆకలి చచ్చిపోయినప్పుడు వాడుతున్నారు. బరువు తగ్గాల్సిన ఫ్యాటీ లివర్ మనిషికి ఆకలి పెంచే మందుతో పనేముంది?

స్విచ్‌ను ఆపే మందు కూడా వచ్చింది. దాని పేరు రిమోనబాంట్. యూరప్‌లో 2006లో అనుమతి దొరికింది. ఏడాదిపాటు రోజుకు 20 మిల్లీగ్రాములు వాడినవాళ్ళు సగటున 6.6 కిలోలు తగ్గారు, ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ళు 1.8 కిలోలు. నడుము చుట్టుకొలత, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు కూడా తగ్గాయి. స్థూలకాయానికి దారి దొరికిందనుకున్నారు. కానీ అదే రిసెప్టర్ మెదడులో ఉంది, మనసు కుదురుగా ఉండటానికి అక్కడ దాని అవసరం ఉంది. వాడినవాళ్ళలో కొందరు దిగులులో కూరుకుపోయారు, ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. 2008లో యూరప్‌లో మందును ఆపేశారు. మన దేశంలోనూ అమ్మిన ఈ మందును 2009 డిసెంబరులో నిషేధించారు. అంతటితో ఆ దారి మూసుకుపోలేదు. మెదడులోకి పెద్దగా వెళ్ళకుండా కాలేయం, కొవ్వు కణజాలం మీద పనిచేసే మందుల కోసం వెతుకుతూనే ఉన్నారు. మోన్లునబాంట్ అనే మందు 2024 ట్రయల్‌లో 16 వారాల్లో 7 కిలోల దాకా బరువు తగ్గించింది. అయినా ఆందోళన, చిరాకు, నిద్ర పట్టకపోవడం లాంటివి మోతాదుతో పాటు పెరిగాయి. ఎంత జాగ్రత్తగా తయారుచేసినా మెదడు గొడవ పూర్తిగా వదల్లేదు.

మరి గంజాయి తాగేవాళ్ళలో ఫ్యాటీ లివర్ తక్కువన్న లెక్క ఎక్కడిది? అమెరికాలో 2013లో వచ్చిన ఒక అధ్యయనం 4,657 మంది వివరాలు చూసింది. అప్పటికి గంజాయి వాడుతున్నవాళ్ళలో పరగడుపు ఇన్సులిన్ 16 శాతం తక్కువగా, నడుము కొలత కూడా తక్కువగా కనిపించాయి. ఆసుపత్రి రికార్డులతో 2017లో చేసిన ఇంకో అధ్యయనంలో ఫ్యాటీ లివర్ కూడా వాడేవాళ్ళలోనే తక్కువగా ఉంది. ఫార్వర్డ్ మెసేజ్‌లకు పునాది ఇలాంటి అధ్యయనాలే.

కానీ 2015లో అమెరికాలోనే, కుర్ర వయసు నుంచి ఏళ్ళ తరబడి గమనించినవాళ్ళ లెక్క చూస్తే గంజాయి వాడేవాళ్ళలో ప్రీడయాబెటిస్, అంటే షుగర్‌కు ముందు దశ, ఎక్కువగా తేలింది. 2025 సెప్టెంబరులో వియన్నాలో జరిగిన యూరప్ మధుమేహ సదస్సులో 40 లక్షల మందికి పైగా రికార్డులతో చేసిన విశ్లేషణ, గంజాయి వాడకం నమోదైనవాళ్ళలో షుగర్ దాదాపు నాలుగు రెట్లు ఎక్కువగా వచ్చిందని చెప్పింది. ఒకటి తగ్గిందంటే ఇంకొకటి పెరిగిందంటోంది.

ఇవన్నీ మనుషులను గమనించి రాసుకున్న లెక్కలు, మందు ఇచ్చి చూసిన పరీక్షలు కావు. తాగేవాళ్ళు తరచు కుర్రవాళ్ళు, సన్నగా ఉంటారు. జబ్బు ముదిరినవాళ్ళు అప్పటికే మానేసి ఉంటారు, వాళ్ళు ‘తాగనివాళ్ళ’ లెక్కలోకి పోతారు. తాగే సంగతి అందరూ నిజం చెప్పరు. ఆసుపత్రి రికార్డులోకి ఎక్కేది వాడకం ముదిరినవాళ్ళే. పైగా రోజూ తాగేవాళ్ళ మెదడులో సీబీ1 రిసెప్టర్లు తగ్గిపోతాయని స్కానింగుల్లో తేలింది. రోజూ స్విచ్ వేస్తుంటే ఒళ్ళే దాన్ని పనిచేయకుండా చేసుకోవచ్చు. నడుము కొలత తక్కువగా ఉండటానికి ఇదొక కారణమని కొందరు శాస్త్రవేత్తల ఊహ. ఊహ నిజమే అనుకున్నా, షుగర్ కోసం అలవాటు చేసుకోదగ్గ పని మాత్రం కాదు.

మన ఊళ్ళలో దొరికే సరుకు సంగతి ఇంకా వేరు. అల్లూరి జిల్లా ఏజెన్సీ నుంచి చేతులు మారి వచ్చే పొట్లంలో టీహెచ్‌సీ ఎంతో, సీబీడీ ఎంతో ఎవరికీ తెలియదు. తాగేది చాలాసార్లు పొగాకుతో కలిపి, పక్కన మందు కూడా ఉంటుంది. కాలేయంలో కొవ్వు ఉన్న మనిషికి ఈ మూడింటిలో మద్యం చేసే చేటు మీద ఏ అనుమానమూ లేదు. హెపటైటిస్ సి ఉన్నవాళ్ళ మీద ఫ్రాన్స్‌లో 2005లో వచ్చిన అధ్యయనం, రోజూ గంజాయి తాగేవాళ్ళలో కాలేయం గట్టిపడటం త్వరగా సాగుతోందని చెప్పింది. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. ఈ విషయం ఇంకా తేలలేదు. అప్పటిదాకా కామెర్ల వైరస్ ఒంట్లో ఉన్నవాళ్ళు దూరంగా ఉండటమే మేలు.

ఇక సీబీడీ. దీనికి మత్తు లేదు, సీబీ1 స్విచ్‌ను వేయదు. అందుకే ఆశలన్నీ దీని చుట్టూ తిరుగుతున్నాయి. కొవ్వు మేత తిన్న ఎలుకలకు సీబీడీ, సీబీజీ ఇస్తే కాలేయంలో కొవ్వు తగ్గిందని జెరూసలేం హీబ్రూ యూనివర్సిటీతో సహా కొన్నిచోట్ల పరిశోధకులు చూపించారు. అయితే ఎలుకలో ఫలించిన మందు మనిషిలో ఫలించకపోవడం వైద్యంలో రోజూ జరిగేదే. ఈ విషయంలో మనుషుల మీద చేసిన పరీక్ష కూడా ఒకటుంది. 2016లో బ్రిటన్ పరిశోధకులు టైప్ 2 షుగర్ ఉన్న 62 మందికి 13 వారాలపాటు వీటిని ఇచ్చి చూశారు. కొందరికి సీబీడీ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, కొందరికి టీహెచ్‌సీవీ 5 మిల్లీగ్రాములు రెండుసార్లు, కొందరికి రెండూ కలిపి, మిగతావాళ్ళకు ఉత్తుత్తి మాత్ర. టీహెచ్‌సీవీ వాడినవాళ్ళలో పరగడుపు షుగర్ తగ్గింది, ఇన్సులిన్ తయారుచేసే కణాల పనితీరు మెరుగుపడింది. సీబీడీతో షుగర్ తగ్గలేదు. కాలేయంలో కొవ్వును కూడా కొలిచారు, అందులో చెప్పుకోదగ్గ మార్పు లేదు. రెండూ కలిపి ఇచ్చినవాళ్ళలోనూ ఫలితం లేదు. బజారులో అమ్మేది సీబీడీ నూనె. ఈ పరీక్షలో కాస్త పనిచేసింది టీహెచ్‌సీవీ. అది కూడా 62 మందితో జరిగిన చిన్న పరీక్ష, దాన్ని పట్టుకుని మందు మార్చుకోవడం తొందరపాటు.

మేలు సంగతి అలా ఉంటే, సీబీడీ కాలేయానికి చేసే కీడు గురించి ఇంకా గట్టి ఆధారాలున్నాయి. శుద్ధ సీబీడీతో తయారైన ఎపిడియోలెక్స్ అనే మందుకు 2018లో అమెరికాలో అనుమతి వచ్చింది. పిల్లల్లో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు వాడే మందు అది, నిజంగా పనిచేస్తుంది కూడా. ఆ మందు ట్రయల్స్‌లో ఏఎల్‌టీ, అంటే మన ల్యాబ్ రిపోర్టుల్లో ఎస్‌జీపీటీ అని ఉండేది, మామూలు హద్దుకు మూడు రెట్లు దాటినవాళ్ళు 13 శాతం. ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్ళలో 1 శాతమే. ఈ ఎంజైము కాలేయ కణాల్లో ఉండాల్సింది, రక్తంలో పెరిగిందంటే ఆ కణాలు దెబ్బతింటున్నట్టు. మూర్ఛకు మామూలుగా ఇచ్చే వాల్‌ప్రోయేట్ కూడా వాడుతున్న పిల్లల్లో ఇది 20 శాతం దాటిపోయింది. చాలామందిలో మోతాదు తగ్గిస్తేనో, ఆపేస్తేనో ఎంజైములు మళ్ళీ కిందికి దిగాయి.

అవి పెద్ద మోతాదులు, నూనె వాడేవాళ్ళకు ఆ భయం లేదని అమ్మేవాళ్ళు అంటారు. ఈ మాటలో కొంత నిజముంది, లెక్క వేసి చూడవచ్చు. అమెరికా ఎఫ్‌డీఏ చేయించి 2025లో వెలువరించిన పరీక్షలో ఏ జబ్బూ లేని 201 మందిలో ఎక్కువమందికి శరీర బరువులో కిలోకు 5 మిల్లీగ్రాముల చొప్పున 28 రోజులు సీబీడీ ఇచ్చారు. వాళ్ళలో 5.6 శాతం మందికి ఎంజైములు మూడు రెట్లు దాటాయి, ఉత్తుత్తి మందు తీసుకున్న మిగతావాళ్ళలో ఒక్కరికీ దాటలేదు. 60 కిలోల మనిషికి ఆ మోతాదు రోజుకు 300 మిల్లీగ్రాములు. 30 మిల్లీలీటర్ల సీసాలో 1,500 మిల్లీగ్రాముల సీబీడీ ఉందనుకుంటే ఒక మిల్లీలీటరులో 50, అంటే 300 కావాలంటే రోజుకు ఆరు మిల్లీలీటర్లు తాగాలి. ఐదు రోజులకు సీసా ఖాళీ. నాలుక కింద పది చుక్కలు వేసుకునే మనిషికి అందేది పాతిక మిల్లీగ్రాములు. ఆ మోతాదుకు కాలేయం దెబ్బతినే అవకాశం తక్కువే. అయితే షుగర్ పరీక్షలో రోజుకు 200 మిల్లీగ్రాములకే ఫలితం లేనప్పుడు, పాతికతో కాలేయంలో కొవ్వు కరుగుతుందని ఎలా నమ్మాలి? నమ్మి, పనిచేయలేదని చుక్కలు పెంచుకుంటూ పోతే 300 దగ్గరికి చేరేది అప్పుడే.

సీసా మీద రాసింది లోపల ఉంటుందన్న నమ్మకమూ లేదు. ఆన్‌లైన్‌లో అమ్మే 84 రకాల సీబీడీ సరుకును అమెరికాలో పరీక్షించి 2017లో ఫలితాలు ప్రచురించారు. లేబుల్ సరిగ్గా ఉన్నవి 31 శాతమే. 18 సరుకుల్లో టీహెచ్‌సీ కూడా దొరికింది.

తిండి సంగతి చాలామంది పట్టించుకోరు. సీబీడీ నోటితో తీసుకుంటే రక్తంలోకి చేరేది చాలా కొద్ది. కొవ్వు ఉన్న భోజనంతో తీసుకుంటే ఖాళీ కడుపుతో పోలిస్తే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ చేరుతుందని ఎపిడియోలెక్స్ వివరాల్లోనే ఉంది. పొద్దున లేవగానే వేసుకున్న పది చుక్కలూ, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు తిన్నాక వేసుకున్న పది చుక్కలూ ఒంటికి ఒకటి కావు. గంజాయి చాక్లెట్ల ప్రమాదం కూడా నోటిదారి వల్లనే. పొగ రూపంలో టీహెచ్‌సీ ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి పోతుంది. తిన్నప్పుడు ముందు కాలేయానికే వెళుతుంది, అక్కడ ఇంకా గట్టి మత్తు ఇచ్చే 11-హైడ్రాక్సీ టీహెచ్‌సీగా మారుతుంది. మత్తు ఎక్కడానికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. ఏమీ కాలేదని ఇంకోటి తినేవాళ్ళు ఆసుపత్రికి చేరేది ఇలాగే.

ఇంతకన్నా ముఖ్యమైన ముప్పు మందులతో కలిసినప్పుడు వస్తుంది. కాలేయం మందులను కరిగించేది కొన్ని ఎంజైములతో. సీబీడీ ఆ ఎంజైముల్లో కొన్నింటిని అడ్డుకుంటుంది. దాంతో వేరే మందు ఒంట్లో పేరుకుపోవచ్చు. రక్తం పలచబడటానికి వార్ఫరిన్ వాడుతున్నవాళ్ళలో సీబీడీ వల్ల రక్తం మరీ పలచబడిన సందర్భాలు నమోదయ్యాయి. గుండె కవాటం మార్పించుకుని అసిట్రోమ్ వాడేవాళ్ళకు ఇదే భయం, అది కూడా అదే ఎంజైముతో కరిగే మందు. షుగర్‌కు అందరూ వాడే గ్లిమిపిరైడ్ కూడా ఆ దారిలోనే పోతుంది. అది పేరుకుంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయి కళ్ళు తిరిగే అవకాశం ఉంది. గుండెలో స్టెంట్ వేసినవాళ్ళు మింగే క్లోపిడోగ్రెల్‌ది దీనికి తలకిందుల వ్యవహారం. అది పనిచేయాలంటే ముందు కాలేయంలో మారాలి, ఆ మార్పును సీబీడీ అడ్డుకోవచ్చు. టీబీ కోర్సు వాడుతున్నవాళ్ళ కాలేయం అప్పటికే ఐసోనియజిడ్, పైరజినమైడ్‌లతో ఒత్తిడిలో ఉంటుంది. దాని మీద ఇంకో భారం పెట్టడానికి కారణమే లేదు. ఫ్యాటీ లివర్ ఉన్న మనిషి సాధారణంగా ఒట్టి ఫ్యాటీ లివర్‌తో ఉండడు. షుగర్, బీపీ, కొలెస్ట్రాల్ మాత్రలు రోజూ మింగుతూ ఉంటాడు. సీబీడీ నూనె ఎవరికి అమ్మజూపుతున్నారో, దాని ప్రమాదం ఎక్కువగా ఉండేది వాళ్ళకే.

సీమ పల్లెల్లో కామెర్లు వస్తే పసరు తాగించడం ఇప్పటికీ ఉంది. చాలా కామెర్లు వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకు వస్తుంది. అదే నమ్మకం ఇప్పుడు సీసా రూపంలో వచ్చిన ఆకు మందు మీదికి మళ్ళుతోంది. ఆకే కదా, ఏం చేస్తుందిలే అనుకోవడం కాలేయం విషయంలో చెల్లదు. కరోనా రోజుల్లో తిప్పతీగ కషాయం తాగినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆకు పసరైనా ఫ్యాక్టరీ మాత్రైనా కాలేయానికి రసాయనమే, రెండింటినీ అది ఒకేలా కరిగించుకోవాలి.

చట్టం సంగతి కొంచెం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ మత్తు పదార్థాల చట్టం కింద గంజాయి (అంటే మొక్క పూత), చరస్ (దాని జిగురు) నేరం. కిలో లోపు గంజాయి దొరికినా ఏడాది దాకా జైలు పడవచ్చు. పూతతో కలిసి లేనప్పుడు ఆకు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు. అందుకే ఆకు సారంతో విజయ పేరు మీద ఆయుర్వేద మందులు లైసెన్సుతో అమ్ముతున్నారు. అవి డ్రగ్స్ నిబంధనల్లోని ఇ(1) షెడ్యూలులో ఉన్న మొక్క నుంచి వచ్చినవి, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. గింజల నూనెను 2021లో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆహారంగా అనుమతించింది. గింజల నూనెలో సీబీడీ దాదాపు ఉండదు, అయినా దాన్నీ సీబీడీ నూనెనూ ఒకటే అనుకుని కొనేవాళ్ళు చాలామంది.

ఇప్పటికే సీబీడీ నూనె వాడుతున్నవాళ్ళు చేయాల్సిన పని ఒకటుంది. కర్నూలు పెద్దాసుపత్రిలోనైనా, అనంతపురం సర్వజన ఆసుపత్రిలోనైనా, కడప రిమ్స్‌లోనైనా డాక్టరుకు మిగతా మందుల పేర్లతో పాటు ఈ సీసాను కూడా చూపించాలి. సిగ్గుతోనో భయంతోనో దాచేది సాధారణంగా ఇదొక్కటే. మూర్ఛ మందుగా సీబీడీ ఇచ్చేటప్పుడు ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, బిలిరుబిన్ పరీక్షలు ముందు ఒకసారి, తర్వాత ఒకటో నెల, మూడో నెల, ఆరో నెల చేయించాలని నియమం. నూనె వాడేవాళ్ళకూ ఆ వరుసే సరిపోతుంది. ఎస్‌జీపీటీ మూడు రెట్లు దాటి బిలిరుబిన్ కూడా రెండు రెట్లు దాటితే, లేదా ఎస్‌జీపీటీ ఒక్కటే ఐదు రెట్ల పైన అలాగే ఉండిపోతే మందు ఆపేస్తారు. ఒంటేలు ముదురు రంగులో రావడం, కళ్ళు పచ్చబడటం, అన్నం సయించకపోవడం, కుడి డొక్కలో నొప్పి, వీటిలో ఏది కనిపించినా పరీక్షల తేదీ కోసం ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.